అన్న చూర్ణం తమ్ముడికి ఇచ్చాను

మా ఆయన ఈ హిందీవాళ్ళ ఊళ్ళో స్టీలు ప్లాంటులో క్రేన్ నడుపుతారు. ఒళ్ళు నొప్పులు, నిద్ర సరిగా పట్టదు. పక్కనున్న నందిని ఊరి వైద్యుడి చూర్ణంతో మా బావగారి నొప్పులు తగ్గాయని, అదే ఈయనకీ ఇచ్చాను. ఒక తల్లి పిల్లలే కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఉన్న కాస్త నిద్రా పోయింది. ఇంకోసారి కునుకు తీస్తే క్రేన్ మీంచి దింపేస్తానని ఫోర్‌మన్ చెప్పేశాడు. దింపేస్తే పరువూ జీతమూ రెండూ పోతాయని నాకు హడలు.

పొద్దున ఏడింటికి పవర్ హౌస్ స్టాపులో నందిని బస్సెక్కాను. టికెట్టు డెబ్బై పైసలు. పక్క సీట్లో శ్రీకాకుళం ఆవిడ సంగతంతా విని, "ఏటమ్మా, మొగుడి నాడి నువ్వు సూపిస్తావేటి?" అని నవ్వింది. ఒళ్ళు మండింది. ఆయనకి సెలవు దొరకొద్దూ! గనుల కాలనీ దగ్గర దిగి అరగంట నడిస్తే వైద్యుడి ఇల్లు.

ముసలాయన వాకిట్లో ఉసిరికాయలు ఆరబోస్తున్నాడు. విషయం చెప్పగానే తల పట్టుకున్నాడు. హిందీలో ఆయన చెప్పింది ఇదీ: "మీ బావది బరువు ఒళ్ళు, కఫం. ఆ శొంఠి, మిరియాల వేడి అతనికి మంచిది. మీ ఆయన సన్నం, వాతం. అతన్ని ఎండబెట్టేశావు బేటీ."

"నొప్పి ఒకటే కదా బాబా?"

"మనుషులిద్దరు కదా!"

మనిషినిబట్టి మందు మార్చే ఈ విద్య ఎలా పుట్టిందని అడిగాను. మనుషులకి జబ్బులెందుకొస్తున్నాయని వెనకటి ఋషులు కొండల్లో కూర్చుని వాదించుకున్నారట, అక్కడ మొదలైందట. తరవాత మా ఆయన గురించి తిండి, దాహం, చెమట అన్నీ అడిగాడు. టకటకా చెప్పాను. "దేనికి భయపడతాడు?" అన్నాడు. క్రేన్ నడిపే మనిషికి భయమేంటి బాబా అన్నాను. మందివ్వలేదు. చూర్ణం మానేసి, పాదాలకి గోరువెచ్చని నువ్వులనూనె రాయమని, ఈసారి మనిషిని తీసుకురమ్మని పంపేశాడు.

సాయంత్రం నూనె రాస్తూ అదే మాట ఆయన్ని అడిగాను.

"కరిగిన ఇనుము ఎత్తుతానా, కింద మనుషులు తిరుగుతుంటారే. కళ్ళు మూస్తే ఆళ్ళే కనిపిస్తారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎక్కిన రోజు నుంచీ. దింపేస్తే బాగుణ్ణు."

ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చేశాను.

ఎనిమిదేళ్ళ కాపురం. కూరలో ఉప్పెంత వెయ్యాలో తెలుసు, ఈ మాట తెలీదు. ఫోర్‌మన్‌తో తనే మాట్లాడతానన్నారు. వచ్చే ఆదివారం ఇద్దరం నందిని వెళ్తున్నాం. మీరూ వెళ్ళాలనుకుంటే పరగడుపున, మొదటి బస్సుకే వెళ్ళండి, రోగిని వెంటబెట్టుకునే వెళ్ళండి. ఆ ముందు రాత్రి వాళ్ళ పక్కన కాసేపు కూర్చుని, దేనికి భయపడుతున్నారో అడగండి.