జీడితోటలో రీస్లింగ్

పలాసలో కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్‌కి కందిపప్పు కోసం వెళ్తే జలుబు ఉచితంగా ఇస్తున్నారు. ఏసీ తగ్గించమంటే కౌంటర్లో అమ్మాయి నా వయసు వైపు జాలిగా చూసింది. చలిని అంతగా గౌరవించిన మనిషి నాకు తెలిసి ఇంకొకడే, మా మావ, అమ్మ తమ్ముడు.

మావ కొన్నేళ్లు జర్మనీలో మోజెల్ నది ఒడ్డున ద్రాక్షతోటల్లో పనిచేసి ఉద్దానం తిరిగొచ్చాడు. అక్కడ కొండవాలు మీద రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష పండుతుందట. చలికి నెమ్మదిగా ముగ్గుతుంది గనక పులుపు పోదు, ఆ పులుపే వైనుకి ప్రాణం. పినో నోయిర్ అనే నల్లద్రాక్ష మరీ సున్నితం, కొత్తల్లుడిలా అన్నిటికీ అలుగుతుంది. ఇవన్నీ అన్నాల దగ్గర చెప్పేవాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. అత్తకి వాళ్ల నాన్న ఇచ్చిన జీడితోటలో, ఆవిడ పుట్టింటికి వెళ్లిన సమయం చూసి, నాలుగు చెట్లు కొట్టించి రీస్లింగ్ నాటాడు.

అత్త తిరిగొచ్చి మొదళ్లు చూసింది. అరవలేదు. మావతో మాట మానేసింది, అంతే. అప్పట్లో టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ వాళ్లింట్లోనే ఉంటున్న నాకు దాంతో రెండో ఉద్యోగం దొరికింది.

"మీ మావని అన్నం తినమను. సల్లారిపోతే మరీ ఇష్టమేమో, అదీ అడుగు."

"మీ అత్తకి సెప్పు, కాయలొచ్చినాక ఈ మాటలు ఎక్కడ పెట్టుకుంటాదో సూత్తాను."

తీగ పందిరంతా ఆకులేసింది, కాయ మాత్రం వెయ్యలేదు. చలికాలం నిద్ర లేకపోతే కాయదని తేల్చి, మావ రేవులో చేపల కోసం దించే ఐసు దిమ్మలు కొనుక్కొచ్చి తీగ మొదలు చుట్టూ పరిచాడు. తీగ నిద్రపోలేదు. ఐసుకంటిన నీచు వాసనకి ఊళ్లో పిల్లులన్నీ చేరి పందిరి కింద పడుకున్నాయి.

"నిద్ర పిల్లులకి పట్టిందని సెప్పు మీ మావకి," అంది అత్త. ఆ కబురు మోసినందుకు మావ నాతో కూడా మాట మానేశాడు.

చివరికి నేరం మిగిలిన జీడిచెట్ల మీద పడింది. చల్లటి సముద్రపు గాలి తీగకి తగలకుండా అవే అడ్డమట. ఒక పొద్దున్న గొడ్డలి మనిషిని వెంటబెట్టుకుని తోటలోకి వెళ్లాడు. అప్పటికే అత్త అక్కడుంది, చెట్టుకి వీపు ఆనించి. గొడ్డలి మనిషి ఇద్దర్నీ ఒకసారి చూసి, దూరంగా కూచుని బీడీ వెలిగించుకున్నాడు. తెలివైనవాడు. నేను అలవాటుకొద్దీ అత్త పక్కన నిలబడ్డాను, మోయాల్సిన మాటేదో ఉంటుందని. ఆవిడ నన్ను చేత్తో పక్కకి జరిపి సూటిగా మావని చూసింది. ఏడాదికి పైగా దాచుకున్న మాట కదా, గొంతు పెంచాల్సిన పని కూడా పడలేదు.

"ఆ తీగకి ఇక్కడ బతకడం ఇష్టం లేదు. నీకూ లేదు. ఇద్దరూ ఎల్లిపోండి."