మడతకు లొంగని మాట

చిన్న ఆసుపత్రుల నుంచి పెద్దాసుపత్రికి వెళ్లే కంప్యూటర్ సందేశాలను కుదించడం ఆమె పని. లైను ఇరుకు. అందుకే ప్రతి సందేశాన్నీ బట్టలు మడతపెట్టినట్టు చిన్నది చేసి వదలాలి. జారిపోయే కళ్లజోడును మధ్యవేలితో పైకి నెట్టుకుంటూ, తెర మీద సైజుల వంకే చూస్తుంది. లోపలి మాటలు చదవదు, చదవకూడదు కూడా. 'జ్వరం లేదు, బీపీ మామూలే' అని అన్నీ ఒకే పాట పాడితే సందేశం గుప్పెడంతవుతుంది. కొత్త మాట పడిందా, ఎంత అదిమినా అణగదు. సందేశాలు బరువెక్కితే తోటివాళ్లు లైనును తిట్టుకుంటారు. ఆమె మాత్రం "పాపం, అక్కడెవరికో ఏదో అయ్యింది" అని టీ కప్పు కింద పెట్టేస్తుంది.

మధ్యాహ్నం పూట అక్క ఫోను చేస్తుంది. ఏళ్ల తరబడి అవే మాటలు: "తిన్నావా? మీ బావా నేనూ బాగానే ఉన్నాం. ఉంటా మరి." ఆ రోజు అక్క తిన్నావా అని అడగలేదు. ఎండల గురించి చెప్పింది, పక్కింటి కుక్కపిల్ల గురించి చెప్పింది, చిన్నప్పుడు ఇద్దరూ కప్పుకున్న పచ్చ దుప్పటి గుర్తుందా అంది, నవ్వింది కూడా. బావ ఊసే ఎత్తలేదు. ఆమె వింటూనే కంప్యూటర్ కట్టేసి, సంచీ భుజానికి తగిలించుకుంది.

"బయల్దేరుతున్నానక్కా."

"ఎందుకే? ఇప్పుడు నేనేమన్నాననీ?"

"వచ్చాక చెబుదువుగానీ. నువ్వెళ్లి బావ పక్కన కూర్చో."

అటునుంచి కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "తొందరగా రావే," అంది అక్క.