ఊపిరి పట్టినంతసేపే

మంగళవారం పొద్దున షిఫ్టుకు బయలుదేరుతుంటే నగరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెదనాయన పొయ్యినాడు" అన్నాడు. ఏళ్లుగా ఉన్న ఆయాసం ఏదో ఒకరోజు ఆయన్ని తీసుకుపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినా, చేతిలో టిఫిన్ బాక్సుతో గడపలోనే కూర్చుండిపోయాను.

మా నాయనకు అన్న ఆయన. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ నడిపాడు. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిపోయింది, ఇక మగ్గాల షెడ్డులో అడుగు పెట్టొద్దని డాక్టరు చెప్పాక, తడ దగ్గర తెలిసిన రైతు గుంటలకు కాపలాకు వచ్చాడు. అవి ఒకప్పుడు రొయ్యల గుంటలు. రొయ్యలు రెండుసార్లు జబ్బుకు తుడిచిపెట్టుకుపోతే, ఆ రైతు అదే ఉప్పునీటిలో పండుగప్ప చేపపిల్లల్ని వదిలి పెంచాడు. సరదా ఉన్నవాళ్లు సన్నని రాడ్డుతో, చేపపిల్లలా ఉండే రబ్బరు ఎరతో వాటిని పట్టుకుంటారు, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఇంటికి తీసుకుపోవడం ఉండదు. ఇదేం పని అని మీకూ అనిపించవచ్చు. మా వీధిలో ఆడవాళ్లు నెలరోజులు నవ్వుకున్నారు. "పట్టి వదిలేదానికి కాపలా ఎందుకు మే?" అని మా అమ్మే నన్ను అడిగింది.

ఏడాది తిరిగేసరికి ఆ కాపలాదారు అక్కడికి వచ్చేవాళ్లందరికీ గురువైపోయాడు. చెన్నై నుంచి వచ్చేవాళ్ల సామాను ఖరీదైనదే, దారం మాత్రం పుటుక్కున తెగేది. పెదనాయన దాన్ని గోటి మీద లాగి చూసి, గరుకు తగిలిన చోట కత్తిరించి, మగ్గం మీద పోగు అతికినట్టు ముడివేసి ఇచ్చేవాడు. "లాగొద్దప్పా. చేప పోతానంటే పోనీ. అలిసినాక అదే వస్తాది" అనేవాడు. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. మగ్గం పక్కన వంగిపోయి ఉండగా చూసిన మనిషి, ఆ గట్టు మీద నిటారుగా నిలబడ్డాడు.

నేను శ్రీ సిటీలో పనికి చేరాక ఆదివారాలన్నీ ఆయన దగ్గరే. నా మొదటి పండుగప్ప మోచెయ్యంత ఉంది. సంబరం పట్టలేక గట్టు మీద పెట్టి ఒక ఫోటో, చేతుల్లో పట్టుకుని ఒక ఫోటో, పైగా స్నేహితురాలికి వీడియో కాల్. "చాలు పాపా, వదులు" అని ఆయన రెండుసార్లు అన్నాడు. వదిలాక అది ఈదలేదు. పక్కకు ఒరిగిపోయింది. పెదనాయన మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి, దాన్ని నిలబెట్టి పట్టుకుని, మొప్పల్లోకి నీళ్లు పోయేలా ముందుకూ వెనక్కూ ఆడించాడు. ఆయాసం ఎక్కినా ఆపలేదు. చేప బతకలేదు.

తిట్టి ఉంటే బాగుండేది. గట్టు మీద కూర్చుని, ఆయాసం తీరాక, "పోగు తెగితే అతకొచ్చు పాపా. దీన్ని యాడ అతికేది?" అన్నాడు. తడిసిన పంచె పిండుకుంటూ, "ఊపిరాడకుంటే ఎట్లుంటాదో నాకు తెలుసు. ఇంక మీద చేపను ఎత్తేటప్పుడు నువ్వూ ఊపిరి పట్టు. నీకు ఆగకపోతే దానికీ ఆగలేదని వదిలెయ్" అన్నాడు.

ఆ రోజు నుంచి గుంట దగ్గర అదే చట్టం. ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా బుగ్గలు పూరించుకునే ఫోటో దిగాలి. ఆ ఫోటోలు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. అందరికంటే తొందరగా వదిలేది మాత్రం పెదనాయనే, ఆయన ఊపిరి అంత పొట్టిది. చివరి ఏడాదైతే చేపను పైకి ఎత్తేవాడే కాదు. నీళ్లలోనే గాలం తీసి పంపేసేవాడు.

"ఫోటో లేకుంటే నువ్వు పట్టినావని ఎవరు నమ్ముతారు పెదనాయనా?" అని అడిగాను.

"చేపకు తెలుసులే" అన్నాడు.

ఆయన పట్టిన చేప ఒక్కటి కూడా చావలేదని గుంటల రైతు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్తాడు. ఆ మాట విన్న ప్రతిసారీ, ఆయన మా పెదనాయన అని పక్కనుంచి నేను అందుకుంటాను.

దినాలు అయిపోయాక వచ్చిన ఆదివారం గుంటకు వెళ్లాను. ఆయన రాడ్డు కాపలా గుడిసె చూరులో అలాగే ఉంది, ఆయన వేసిన ముడితోనే. నాలుగో విసురుకు పెద్ద పండుగప్ప పడింది. నేను లాగలేదు. పోతానన్నప్పుడల్లా పోనిచ్చాను. ముడి నిలిచింది. చేప అలిసి దగ్గరకొచ్చాక ఊపిరి పట్టి ఎత్తాను, గాలం తీశాను, నీళ్లలో పెట్టాను. అది తోకతో నా మొహాన నీళ్లు చిమ్మి వెళ్లిపోయింది. నేను అలాగే వంగి, అది పోయిన చోట కదులుతున్న నీళ్లనే చూస్తున్నాను.

గట్టు మీది నుంచి రైతు మెల్లగా అన్నాడు. "అది పొయ్యిందిలేమ్మా. ఇంక ఊపిరి వదులు."