నదిని కోసేవాళ్ల కథ చెప్పిన కాక

మా ఐసు ఫ్యాక్టరీ కాక చనిపోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో, మిట్టమధ్యాహ్నం ఎండలో, ట్రక్కు మీంచి ఐసు దిమ్మ దించుతూ పడిపోయాడు. మళ్లీ లేవలేదు. కాగితంలో గుండె ఆగిందని రాశారు. ఎవరి గుండైనా చివరికి ఆగేదే. ఎందుకు ఆగిందో రాసే గడి ఆ కాగితంలో లేదు.

నాకు ఆయన చుట్టం కాడు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, మాది నిర్మల్ వైపు. పనిలో చేరిన మొదటి వారమే నేనొక ఘనకార్యం చేశాను. గోదాములో దిమ్మలు కరుగుతున్నాయని వాటి మీదికి పెద్ద ఫ్యాన్ తిప్పిపెట్టాను. గంటలో నేలంతా నీళ్లు. కాక వచ్చి ఫ్యాన్ ఆపాడు.

“ఎవడ్రా పెట్టింది?”

“నేనే కాకా. సల్లగుంటయని.”

“ఇయ్యేమన్న అత్తగారింటికొచ్చిన అల్లుండ్లారా, ఫ్యాన్ పెట్టి మర్యాద జేస్తున్నవ్?”

అందరూ నవ్వారు. ఆయన మాత్రం దిమ్మలను సందు లేకుండా ఒకదానికొకటి ఆనించి పేర్చాడు. చుట్టూ రంపపు పొట్టు కూరి, గోనెలు కప్పాడు. “గాలి తగలొద్దు. కరిగిన నీళ్లు కింద నిల్వొద్దు. గంతే” అన్నాడు. నాకు వచ్చిన పనంతా ఆ గంతేలోనే ఉంది.

ఇది యంత్రాలు రాకముందటి పద్ధతట. బొంబాయిలో ఆయనకు పని నేర్పిన ముసలి ఉస్తాద్ చెప్పాడట. చలిదేశాల్లో నదులు గడ్డకడితే, పైన పడ్డ మంచును గుర్రాలతో ఊడ్పించి, పొలంలో సాళ్లు తీసినట్టు గీతలు గీసి, రంపాలతో నదినే దిమ్మలుగా కోసేవారట. పొట్టులో పొదిగి ఓడ ఎక్కిస్తే, ఆ ఐసు నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం చేసి మద్రాసుకో బొంబాయికో చేరేదట. నేను నమ్మలేదు. ఫోన్‌లో వెతికి చదివాను. నిజమే. పదో తరగతి తప్పిన నాకు చదవడం మీద ఆశ పుట్టించింది సంతకం కూడా వంకరగా పెట్టే ఆ మనిషి.

ఆ కథలో ఒక చోట ఆయన గొంతు మారేది. “కోసేటప్పుడు మనిషి జారి నీళ్లల్ల పడితె తాడేసి గుంజుకునేటోళ్లంట. గుర్రం పడ్డా గుంజేటోళ్లంట. ఎవ్వర్ని అండ్ల ఇడిచిపెట్టకపొయ్యేటోళ్లు.”

ఆయన్ని మేం విడిచిపెట్టాం. ఇంటికి పోతానని రెండేళ్లు దేశం దాటే ఎగ్జిట్ కాగితం అడిగాడు. మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని, అదే కఫీల్, వచ్చే నెల, వచ్చే నెల అన్నాడు. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు దాటిపోయింది. ఇప్పుడు శవం కదలాలన్నా ఆ కఫీల్ సంతకమే కావాలి, ఆయనేమో ఫోన్ ఎత్తడు. కంపెనీ ఆఫీసుకు తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి.

“సబర్ చెయ్ భాయ్, జెర ఓపిక పట్టు, ప్రాసెస్‌ల ఉంది” అంటాడు మా హైదరాబాదీ క్లర్కు.

“చచ్చినోడు గూడ సబర్ చెయ్యాల్నా సార్?” అన్నాను. పక్కనున్న ఫైలు ముందుకు లాక్కున్నాడు. అంతకన్నా ఏమీ కాలేదు. అవుతుందని కూడా నాకు నమ్మకం లేదు.

పోయిన వారం చిన్నమ్మ, అంటే కాక భార్య, ఊరి నుంచి ఫోన్ చేసింది. “బిడ్డా, ఆయిన్ని ఐసు పెట్టెల పెట్టిన్రంట గద. ఎన్నేండ్లు ఐసు మోసినా ఆయినకు సలి ఆగది. దుప్పటన్న కప్పిన్రా?”

“కప్పినం చిన్నమ్మా” అన్నాను.

కప్పలేదు. మర్నాడు ఒక మందపాటి దుప్పటి కొని ఆసుపత్రికి పోయాను. కఫీల్ కాగితం లేనిదే మనిషే కాదు, గుడ్డముక్క కూడా లోపలికి పోదన్నాడు శవాల గది కాపలావాడు.

దాన్ని తెచ్చి ట్రక్కులో కాక కూర్చునే చోట పెట్టాను. డ్రైవరు తియ్యమనలేదు. దానికి అటొకరం ఇటొకరం కూర్చుని రోజూ ఐసు వేసి వస్తున్నాం. ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. అద్దంలోంచి పడే ఎండకు ఆ దుప్పటి ఎంత కాగిపోతోందంటే, మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది.