భోషాణంలోకి రాని ఫైళ్లు

రాజమండ్రి ఇన్నీసుపేటలో సీతారామలక్ష్మి దగ్గర టైపు నేర్చుకున్నామంటే ఒకప్పుడు అదో గొప్ప. లోయరూ హయ్యరూ కలిపి ఇరవయ్యేళ్లలో ఎంతమందిని గట్టెక్కించిందో ఆవిడకే గుర్తు లేదు. ఇంతలో కంప్యూటర్లు వచ్చిపడ్డాయి. ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. పద్నాలుగు మిషన్లు తూకానికి పోయాయి. అవి రిక్షా ఎక్కుతుంటే చూడలేక ఆవిడ వంటింట్లోకి వెళ్లి కూర్చుంది. అప్పటికే భర్త పక్షవాతంతో మంచాన ఉన్నాడు. నలభై మూడేళ్ల మనిషికి కొత్తగా ఉద్యోగం ఎవడిస్తాడు? ఇచ్చినవాడు ఆవిడ శిష్యుడే, ఉదయ్‌భాస్కర్. దానవాయిపేటలో ఒక మందుల షాపు మేడమీద నలుగురు కుర్రాళ్లతో సాఫ్ట్‌వేరు కంపెనీ పెట్టాడు.

"ప్రోగ్రాములు రాయడం నాకేం వచ్చు బాబూ" అందావిడ.

"రాసేవాళ్లున్నారండి మేడంగారూ. రాసినదాన్ని ఒకచోట కనిపెట్టుకుని ఉండేవాళ్లే లేరు" అన్నాడు.

ఆ ఒకచోటు అంటే గోడవారనున్న పాత కంప్యూటరు. అందరూ రాసిన కోడ్ అందులోనే ఉండేది. దానికి ఆవిడ భోషాణం అని పేరు పెట్టింది. ఎవరైనా ఒక ఫైలు మార్చాలంటే భోషాణంలోంచి తన పేరున తీసుకోవాలి. తిరిగి పెట్టేదాకా ఇంకొకరు దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. సాయంత్రం నాలుగున్నరకి ఆవిడ ఖాళీ కంప్యూటరు ముందు కూర్చునేది. భోషాణంలో ఉన్నదంతా అందులోకి తీసి, నోటుపుస్తకంలో రాసుకున్న ఇరవై రెండు మెట్లూ వరసగా చేసి, అందరి ముక్కలూ కలిపి ఒక్క ప్రోగ్రాముగా కట్టేది. దాన్ని బిల్డు అనేవారు. ఏ ఒక్కరి ముక్క అతకకపోయినా బిల్డు మధ్యలో ఆగిపోయేది.

ఆగిందా, ఎవరివల్ల ఆగిందో వాళ్ల పేరు గోడమీది కాగితానికి ఎక్కేది. మర్నాడు వాళ్లు అందరికీ మడత కాజాలు పెట్టాలి. ఈ రూలు పెట్టింది ఎవరనుకున్నారు? ఆవిడే. టైపు క్లాసులో తప్పులు కొట్టినవాళ్ల పేర్లు బోర్డుమీద రాసిన చెయ్యి కదా, ఊరుకోలేదు. సరదాకే పెట్టింది పాపం. తొమ్మిది నెలల్లో కాగితంమీద మిగతావాళ్ల పేర్లు ఒకటీ రెండూ ఉంటే, మణిశంకర్ పేరు పదకొండుసార్లు ఎక్కింది.

మణిశంకర్‌ది నిడదవోలు. తండ్రి సూర్యప్రకాశంగారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. కుర్రాడికి ఇరవై నాలుగేళ్లు. రోజూ పాసింజరులో వచ్చి పాసింజరులో పోయేవాడు. బుర్ర పాదరసమే గానీ చేతికి తొందరెక్కువ. పదకొండోసారి డబ్బా విప్పి అందరికీ అందిస్తుంటే ఆవిడ నలుగురిలోనూ అంది: "నీ పెళ్లికి మాకు స్వీట్లేం పెట్టక్కర్లేదు నాయనా. ముందే తినేశాం." అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వాడూ నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అది ఆవిడ చూసింది. చూసి కూడా ఇంకో కాజా తీసుకుంది.

అప్పుడే, రెండువేల మూడు డిసెంబరులో, భీమవరం నుంచి రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీవాళ్లు పని ఇచ్చారు. ఏ పెట్టెలో రొయ్య ఏ చెరువులో పెరిగిందో, ఏ మేత తిందో కంప్యూటరు చెప్పాలి. విదేశాల నుంచి కొనేవాళ్లు వస్తారు కాబట్టి ఫిబ్రవరి ఇరవై ఎనిమిదికల్లా చూపించాలి. అది కుదిరితే కంపెనీ నిలబడుతుంది. లేకపోతే తాళమేనని ఉదయ్‌భాస్కర్ దాచకుండా చెప్పాడు. అందులో చెరువుల భాగం మణిశంకర్‌ది. దానికి కావలసిన ఫైళ్లు తన పేరున తీసుకున్నాడు. సీడీలో ఎక్కించుకుని ఇంటికి పట్టుకెళ్లి, ఇంట్లో కంప్యూటరు మీదే రాసుకునేవాడు. తిరిగి భోషాణంలో పెట్టడం మానేశాడు.

"ఎంతవరకు అయితే అంతవరకే పెట్టు నాయనా" అనేదావిడ.

"ఇంకొంచెం ఉంది టీచరుగారూ. మొత్తం సరిచూసి పెడతానండి."

డిసెంబరు పోయింది, జనవరి పోయింది. ఫిబ్రవరి తొమ్మిదో తారీఖు పొద్దున్న నిడదవోలు స్టేషన్లో కదులుతున్న పాసింజరు ఎక్కబోయి మణిశంకర్ కాలు జారి పట్టాలమీద పడ్డాడు. ప్రాణం అక్కడే పోయింది. భుజానికున్న సంచీ, అందులోని సీడీ నుగ్గునుగ్గయ్యాయి.

మూడో రోజున ఉదయ్‌భాస్కర్ ఆవిడ కుర్చీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"అడగకూడదండి. కానీ వాడి పనంతా ఇంట్లో కంప్యూటర్లో ఉంది మేడంగారూ."

"పిల్లాడు పోయి మూడ్రోజులు కాలేదు. మైలలో ఉన్నవాళ్లింటికెళ్లి కంప్యూటరు అడుగుతావా? పదమూడో రోజు దాటనీ. నేనే వెళ్లి అడుగుతాను" అందావిడ. టీచరు మాటకి ఎదురుచెప్పే అలవాటు అతనికి లేదు.

అయిదో రోజున పరామర్శకి వెళ్లింది. ముందుగదిలో, కిటికీ పక్కన, తువ్వాలు కప్పిన కంప్యూటరు ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల్లి సుబ్బాయమ్మ గోడకి జారగిలబడి అలా శూన్యంలోకి చూస్తుంటే ఏ నోటితో అడుగుతుంది? దణ్ణం పెట్టి వచ్చేసింది.

పద్నాలుగో రోజున మళ్లీ వెళ్లింది. కిటికీ పక్కన బల్ల ఖాళీగా ఉంది. కంప్యూటరు ఏదని అడిగింది.

"వాడు వాడుకున్నవి వాడి పేరున ఇచ్చేయమన్నారమ్మా" అన్నారు సూర్యప్రకాశంగారు. "పదకొండో రోజు దానాల్లో మంచం, గొడుగు, చెప్పులు ఇచ్చాం. కంప్యూటరు పురోహితుడిగారి తమ్ముడు తీసుకున్నాడు. తణుకులో అవి బాగుచేస్తుంటాడులెండి. ఏం, అందులో మీదేమైనా ఉందా?"

"లేదండి. ఊరికే అడిగాను" అంది. అప్పుడైనా నిజం చెప్పి ఏం లాభం? ఆయన నెత్తిన ఇంకో బరువు పెట్టడం తప్ప.

సుబ్బాయమ్మ లోపలికి వెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చింది. ఒక మూల నొక్కుకుపోయి ఉంది.

"ఇది చేత్తో పట్టుకున్నాడట. ప్లాట్‌ఫారం మీద పడిపోతే పోలీసులు తెచ్చిచ్చారు. ముందురోజు సాయంత్రమే కొన్నాడమ్మా. రేపు నా పని అప్పగించేస్తానమ్మా, ఎక్కడో ఒకచోట ఆగుతుంది, నా పేరు తప్పకుండా ఎక్కుతుంది, ముందే పట్టుకెళ్తాను, టీచరుగారు నవ్వుతారు అన్నాడు. మీకోసం కొన్నవి. మేం ముట్టుకోలేదు."

ఆవిడ ఆ పెట్టె రెండు చేతులా అందుకుంది. పురోహితుడిగారి దగ్గర నంబరు కనుక్కుని, వీధి చివరి ఎస్టీడీ బూత్ నుంచి తణుకులో ఆ తమ్ముడికి ఫోను చేసింది.

"మొదటిరోజే ఫార్మాట్ చేసేశానండి. నా దగ్గరికి ఏది వచ్చినా ముందు తుడిచేసి, ఆ తర్వాతే ముట్టుకుంటాను. వైరస్‌లు ఉంటాయి కదండీ" అన్నాడతను. మంచివాడే, పాపం. ఏమైనా పోయిందా అని రెండుసార్లు అడిగాడు.

మధ్యాహ్నానికి ఆఫీసుకి వచ్చి పెట్టె బల్లమీద పెట్టింది. సంగతంతా చెప్పింది. ఉదయ్‌భాస్కర్ ఆవిడని తప్పుపట్టలేదు. తప్పుపట్టినా బాగుండేదనిపించింది ఆవిడకి. కాజాలు పాకం గడ్డకట్టి గట్టిపడ్డాయి. రూలు రూలే కదా, ఒక్కొక్కరూ వచ్చి ఒక్కొక్కటి తీసుకున్నారు. నమిలే చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు.

"పాత ముక్కతోనే కట్టండి మేడంగారూ. చూద్దాం" అన్నాడు చివరికి ఉదయ్‌భాస్కర్.

కట్టాలంటే ముందు ఫైళ్లు మణిశంకర్ పేరునుంచి విడిపించాలి. విడిపించమంటే భోషాణం తిరిగి ప్రశ్న వేసింది: ఇతను చేసిన మార్పులు వదులుకోవలసి వస్తుంది, సరేనా? ఆవిడ చాలాసేపు ఆ అక్షరాలనే చూస్తూ కూర్చుంది. తర్వాత సరేనని నొక్కింది. అతని పేరు తెరమీంచి పోయింది.

ఆ సాయంత్రం బిల్డు ఎక్కడా ఆగలేదు. ఇరవై రెండు మెట్లూ ఒక్క తప్పు లేకుండా నడిచాయి. మిగిలిన ఆరు రోజులూ ముగ్గురు కుర్రాళ్లూ ఉదయ్‌భాస్కరూ కలిసి చెరువుల భాగం మళ్లీ రాయాలని చూశారు. సగం కూడా కాలేదు. భీమవరంవాళ్లు వచ్చి పది నిమిషాలు చూసి, కాఫీ కూడా తాగకుండా లేచారు. ఉగాది రాకముందే మేడకి తాళం పడింది. గోడమీది కాగితం ఆవిడే ఊడదీసి చించేసింది.

ఇప్పుడు కోటగుమ్మం దగ్గర ఒక జిరాక్సు షాపులో టైపు చేసి పెడుతోంది. మనిషి సగమైంది. ఎవరు స్వీటు పెట్టినా వద్దంటుంది. మొన్న ఒక డిగ్రీ అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు తెచ్చింది. అన్నీ తప్పులేనని, ఇంటికెళ్లి సరిచేసుకుని రేపు తెస్తానని కాగితాలు వెనక్కి తీసుకోబోయింది. ఆవిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"తప్పులుంటే ఉండనీ అమ్మా. అయినంతవరకు ఇక్కడ పెట్టి వెళ్లు. నేనేమీ అనను."

ఆ అమ్మాయి కాగితాలు ఇచ్చిన తర్వాత కూడా ఆవిడ చాలాసేపు చెయ్యి వదల్లేదు.