పరంజా మీద అలక

రెండు వేల పదహారు వానాకాలంలో, నౌపడ దగ్గర ఒక ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టించే బాధ్యత నాకు అప్పగించారు. అప్పుడు నేను అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుని; సైటులో పని చూడాలి, బాగోకపోతే ఆపాలి. నా కథల్లో సగం తీసేసి నమ్మాలని మా ఆఫీసువాళ్ళు అనేవారు. ఇందులో తీసెయ్యడానికేమీ లేదు.

కాంట్రాక్టరు అప్పలనాయుడిది కోటబొమ్మాళి. అతని కాంక్రీటుకి వంక పెట్టలేం. పరంజా మాత్రం అక్క మొగుడు సింహాచలానికి ఇచ్చాడు. నిబంధన ప్రకారం పని వేరొకరికి ఇవ్వాలంటే మా అనుమతి కావాలి. బావ వేరొకడెలా అవుతాడని అతని వాదన.

పనివాళ్ళు నిలబడే ఆ గొట్టాల చట్రానికి ప్రతి కాలి కిందా ఇనుప ప్లేటు, దాని కింద మందపాటి చెక్క ఉండాలి. మధ్యమధ్య ట్యాంకు స్తంభాలకు కట్లు పడాలి. అక్కడిది ఉప్పుమళ్ళ పక్క నేల. వాన పడితే జావ.

ఒక వాన మర్నాడు వెళ్ళేసరికి ఒక మూల కాళ్ళు బురదలో దిగబడి పరంజా ఒరిగి ఉంది. ఆ మూల చెక్కల్లేవు. పైన ప్లాస్టరింగు సాగుతోంది. అందర్నీ దిగమన్నాను. స్తంభానికి కట్టిన నిచ్చెన మీంచి కూలీలంతా దిగారు, సింహాచలం తప్ప.

అప్పలనాయుడు అందరి ముందూ, "సెక్కలేవి బావా? పనిస్తే నా పరువు తీసినావు" అని అరిచాడు.

"మీ అక్క మొగుణ్ణిరా నాను. కూలోణ్ణి తిట్టినట్టు తిడతావేటి? దిగను, పో" అని సింహాచలం పరంజా పలక మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. అలకపాన్పు మీద కొత్తల్లుడికి కూడా అంత దర్జా ఉండదు.

అప్పలనాయుడు చేతులు జోడించాడు. లాభం లేదు. ఇంతలో పైన ఒక కట్టు టప్పున తెగింది. అలక తీరాలంటే చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా. అప్పలనాయుడి జేబులోంచి మోటారుసైకిలు తాళం లాగి పైకెత్తి, "బావమరిది బండి ఇస్తున్నాడయ్యా, తీసుకో" అన్నాను.

"పెట్రోలు కూడా కొట్టించమను మావా" అన్నాడొక కూలీ.

సింహాచలం, "కొత్త బండేనా, పాతదా?" అని కనుక్కుని మరీ దిగాడు. తాళం పుచ్చుకుని బండి దాకా నడిచాడో లేదో, మిగతా కట్లు తెగి ఆ మూలంతా ఉప్పుమడిలోకి కూలింది. ఎవరికీ గీత కూడా పడలేదు. అప్పలనాయుడు బావని వాటేసుకుని, "అక్కకేటి సెప్పేవోణ్ణి" అని ఏడ్చాడు. బండి మాత్రం సింహాచలం తిరిగివ్వలేదు.

తరవాత రిటైరయ్యేదాకా ప్రతి కాంట్రాక్టరునీ, అనుభవమూ పాత పనులూ చూశాక, పరంజా కట్టేవాడు నీకేమవుతాడని అడిగేవాణ్ణి. దిగమంటే మారు మాట్లాడకుండా దిగే మనిషికే ఆ పని ఇవ్వాలి. తిడితే అలిగి కూర్చునే చుట్టానికి ఇవ్వకూడదు.