మీసాల సర్పంచికి చీరెవరు పెట్టాలి?

నిన్న మా కాలనీ మలుపులో ఒకామె తంగేడుపువ్వు కట్టలు పెట్టుకుని కూర్చుంటే, ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలీ తగలకముందే నేను హుస్నాబాద్ పక్కన మా ఊళ్లో, గౌను ఎగేసుకుంటూ, ఏనుగంత బతుకమ్మ వెనక నడుస్తున్నాను. ఏనుగంత అంటే మీరు నమ్మరు. సరే, ఏనుగుపిల్లంత.

ఆ ఏడు సర్పంచి సీటు ఆడవాళ్లకు వచ్చింది. మా కాక తన భార్యను, అంటే మా చిన్నమ్మను, నిలబెట్టాడు. "మొదటి బోరింగు మన వాడకే" అని చిన్నమ్మ గడపగడపకూ మాటిచ్చింది. బిందెలు మోసీ మోసీ మెడలు భుజాల్లోకి దిగిపోయిన మా వాడ ఆడవాళ్లంతా కసిదీరా ఓట్లు గుద్దారు. గెలిచింది చిన్నమ్మ, కుర్చీలో కూర్చున్నది కాక. దండలు కూడా ఆయన మెడలోనే, ముక్కు దాకా పడ్డాయి. చిన్నమ్మ వంటింట్లో పప్పుకు పోపు పెడుతూ సంతకాలు చేసేది. దసరా దగ్గరపడేసరికి బోరింగు మా వాడను వదిలేసి కాక మక్కచేను గట్టుకు ప్రయాణం కట్టింది. పండుగ వెళ్లగానే పంచాయతీలో తీర్మానం.

"నేను మాటిచ్చిన గద" అని చిన్నమ్మ అంటే, "నీకేం ఎరుకే? సంతకం పెట్టు, సాలు" అన్నాడు కాక.

ఆడవాళ్ల అలక తీర్చాలని సద్దుల బతుకమ్మ నాడు ఆయనే మైకుసెట్టు తెప్పించాడు. అక్కడే బోల్తాపడ్డాడు. మా ఊరి బతుకమ్మలో ఒకరు చరణం విసిరితే అందరూ అందుకోవాల్సిందే. గౌరమ్మ ముందు పాడుతున్న నోరు ఎవరూ మూయకూడదు, పాడిన మాట వెనక్కి తీసుకోకూడదు. మలీద ముద్దల నెయ్యివాసన, పట్టుచీరల కలరా ఉండల వాసన కలగలిసిన ఆ గుంపులోంచి, ఊరికి పాటలు కట్టే గౌరవ్వ పెద్దమ్మ మైకు దగ్గరకు జరిగింది.

"ఓట్లేమొ ఆడోళ్లయి ఉయ్యాలో
కుర్చేమొ మీసాలది ఉయ్యాలో
మీసాల సర్పంచికి ఉయ్యాలో
చీరెవలు పెడుదురే ఉయ్యాలో"

ఆ చప్పట్లు ఎక్కడో ఆదిలాబాద్ జిల్లాలోని బోథ్ దాకా వినిపించాయని నేను ప్రమాణం చేయగలను. అరుగు మీది కాక మీసాన్ని కండువాలో దాచుకుని, "ఖాదర్! మైకు బందువెట్టు!" అని అరిచాడు.

"గౌరమ్మ పాట నడుమ బందువెడ్తనా పటేలా? నాతోని కాదు" అన్నాడు మైకుసెట్టు ఖాదర్, నవ్వాపుకోలేక తీగల మీద పడిపోతూ.

అప్పుడే వలయంలోంచి చిన్నమ్మ గొంతు, వణుకుతూ, లేచింది.

"బోరింగు మన వాడకే ఉయ్యాలో
మీటింగుకు నేనొస్త ఉయ్యాలో"

అడుగులు ఆగిపోయాయి. చిన్నమ్మ కాక వైపు చూడలేదు. మళ్లీ అదే చరణం, ఈసారి వణుకు లేకుండా, విసిరింది. ఇక మేమంతా గొంతులు చిరిగేలా అందుకున్నాం.

మీటింగు నాడు చిన్నమ్మ పంచాయతీ మెట్లెక్కింది. వెనక మా వాడంతా.

"ఇంట్ల పని లేదా?" అన్నాడు కాక, కుర్చీలోంచి కదలకుండా.

"మస్తున్నది. ఇయ్యాల జర మీరు సూసుకోండ్రి."

బయట గౌరవ్వ పెద్దమ్మ గొంతు సవరించుకుంది. పాడలేదు, ఉత్తగా సవరించుకుంది. కాక కుర్చీలో తేలు కుట్టినట్టు లేచాడు. బోరింగు మా వాడలోనే పడింది.

మా ఊళ్లో ఇప్పటికీ పండుగ ఘనంగానే జరుగుతుంది. పాటలు మాత్రం మనిషెత్తు డీజే డబ్బాల్లోంచి వస్తాయి, అన్ని ఊళ్లలో అవే పాటలు. చరణం విసిరేవాళ్లూ లేరు, అందుకునేవాళ్లూ లేరు. సర్పంచుల మొగుళ్లు కుర్చీలో హాయిగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటున్నారు.